కట్ ఆటోగ్రాఫ్ కార్డు: మనం డబ్బు కట్టేది దేనికి?

పోయిన ఎపిసోడ్‌లో ఆన్-కార్డ్ ఆటో అంటే ఏమిటి, స్టిక్కర్ ఆటో అంటే ఏమిటి అని చెప్పుకున్నాం. ఈసారి మూడో రకం, కట్ ఆటో. దీని గురించి ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాను, ఈలోగా ఒకాయన మంచి ప్రశ్న పంపారు. వాళ్ళబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి, బేబ్ రూత్ అంటే ప్రాణం. ఇద్దరూ కలిసి ఒక కార్డు షోకి వెళ్ళారట. ఒక టేబుల్ మీద రూత్ కట్ ఆటో కార్డు ఉంది, మీద 1/1 అని ఉంది. "ప్రపంచంలో ఇది ఒక్కటేనండీ" అన్నాడట డీలర్. నాలుగు టేబుళ్ళ అవతల ఒక పాత ఆటోగ్రాఫ్ పుస్తకంలోని పేజీ, దాని మీద కూడా రూత్ సంతకమే, దాని ధర మాత్రం చాలా తక్కువ. "సంతకం అదే కదా, మరి ఇంత తేడా ఎందుకు? ఏది కొనాలి?" అని ఆయన ప్రశ్న.

ఈ ఒక్క ప్రశ్నలో కట్ ఆటో సంగతి మొత్తం ఉంది. మెల్లగా విప్పుకుందాం.

ముందు తెలియనివాళ్ళ కోసం. కట్ ఆటో అంటే ఆటగాడు కార్డు మీద పెట్టిన సంతకం కాదు. ఆయన ఎప్పుడో, ఎక్కడో, వేరే కాగితం మీద పెట్టిన సంతకం. ఉత్తరం చివర కావచ్చు, బ్యాంకు చెక్కు కావచ్చు, ఇండెక్స్ కార్డు, ఆటోగ్రాఫ్ పుస్తకంలో పేజీ, కాంట్రాక్టు, ఏదైనా కావచ్చు. ఆ కాగితంలోంచి సంతకం ఉన్న ముక్కని కత్తిరించి, మధ్యలో కిటికీలా ఖాళీ ఉన్న మందపాటి కార్డులో పెట్టి, వెనక ఇంకో పొర అతికిస్తారు. చూడ్డానికి చిన్న ఫోటో ఫ్రేములా ఉంటుంది. అంతే.

ఇది ఎందుకు పుట్టిందో చూడండి. 1990లో అప్పర్ డెక్ కంపెనీ రెగ్గీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం, నంబరు పెట్టించి ప్యాకెట్లలో కలిపింది. ప్యాక్ చించితే కంపెనీ గ్యారంటీ ఉన్న ఆటోగ్రాఫ్ దొరకడం అనేది అక్కడ ఊపందుకుంది. జాక్సన్ బతికున్నాడు కాబట్టి పెట్టాడు. మరి రూత్ 1948లో పోయాడు. లూ గెహ్రిగ్ 1941లో, టై కాబ్ 1961లో, క్రిస్టీ మాథ్యూసన్ అయితే 1925లోనే పోయారు. వీళ్ళ చేత కార్డు మీద సంతకం ఎవరు పెట్టించగలరు? జనానికి కావలసింది వీళ్ళే. అందుకని కంపెనీలు వేలంపాటల్లో, డీలర్ల దగ్గర పాత సంతకాలు కొని కార్డుల్లో బిగించడం మొదలుపెట్టాయి. 2001లో అప్పర్ డెక్ దీనికోసమే ఎస్‌పీ లెజెండరీ కట్స్ అని ఒక సెట్టే తెచ్చింది. తర్వాత టాప్స్, డాన్‌రస్, పనీని, లీఫ్ అందరూ ఆ దారి పట్టారు.

ఇప్పుడు ఆ 1/1 సంగతి. చాలామంది మోసపోయేది ఇక్కడే. మోసం అనడం కూడా సరికాదేమో, అది అబద్ధం కాదు కాబట్టి. ఆ డిజైన్‌తో, ఆ సెట్‌లో, ఆ కార్డు ఒక్కటే ఉంది, నిజమే. కానీ ఒక్కటే ఉన్నది కార్డు. సంతకం కాదు! ఏ రెండు కాగితం ముక్కలూ ఒకేలా ఉండవు కాబట్టి కంపెనీ ఏ కట్‌కైనా 1/1 అని వేసుకోవచ్చు. రూత్ తన జీవితంలో లెక్కలేనన్ని సంతకాలు పెట్టాడు. పిల్లలు అడిగితే కాదనేవాడు కాదని పేరు. రూత్ సంతకం ఖరీదు కావడానికి కారణం అది అరుదు అని కాదు, దాన్ని కోరుకునేవాళ్ళు ఎక్కువ అని. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ఇంకో చివర బాబ్ ఫెల్లర్ ఉన్నాడు. గొప్ప పిచర్, హాల్ ఆఫ్ ఫేమర్, 2010లో పోయాడు. ఆయన ఎంతమందికి సంతకాలు పెట్టాడంటే, ఫెల్లర్ సంతకం లేని బంతి దొరకడమే కష్టం అని జోకు. కార్డుల మీద కూడా స్వయంగా బోలెడు పెట్టాడు. అలాంటాయన కట్ ఆటో మీద 1/1 అని ఉంటే దానికి అర్థం ఏముంది? అదే ఫెల్లర్ స్వయంగా కార్డు మీద పెట్టిన సంతకం దానికంటే మేలు కదా. బతికుండగా కార్డుల మీద సంతకం పెట్టిన ఆటగాడి కట్ ఆటోకి ఎక్కువ ఇవ్వాల్సిన పని నాకైతే కనపడదు. మికీ మాంటిల్, టెడ్ విలియమ్స్, జో డిమాజియో, వీళ్ళంతా ఆటోగ్రాఫ్ షోలు నడిచే కాలం దాకా బతికినవాళ్ళే.

మరి నిజంగా అరుదైనవాళ్ళెవరు? షూలెస్ జో జాక్సన్. ఆయనకి చదువు రాదు, కష్టపడి పేరు రాసేవాడు. వచ్చిన ఉత్తరాలకి చాలావరకు ఆయన భార్య కేటీయే ఆయన పేరుతో సంతకం పెట్టేది. అంటే జాక్సన్ ఇంటినుంచే వచ్చిన కాగితం, పోస్టు ముద్ర కూడా సరైనదే, కానీ సంతకం ఆయనది కాదు. ఇది దొంగతనం కాదు, ఆ ఇంట్లో ఆ పని ఆవిడ చేసేది, అంతే. అందుకే జాక్సన్ చేతి సంతకం అని నమ్మదగ్గవి ఎక్కువగా చట్టపరమైన కాగితాల మీదే, ఆయనే పెట్టక తప్పని చోట. 1911 నాటి ఫోటో మీద ఆయన పెట్టిన సంతకం ఒకటి 2021లో క్రిస్టీస్ వేలంలో 14 లక్షల 70 వేల డాలర్లకు పోయింది. గమనించండి, అది కట్ కాదు, మొత్తం ఫోటో. దాన్ని ఎవరూ ముక్క చెయ్యలేదు కాబట్టే ఆ ధర.

ఇక్కడినుంచి నేను చెప్పాలనుకున్న అసలు విషయం.

పాత సంతకం నిజమైనదో కాదో మనకి ఎలా తెలుస్తుంది? అక్షరాల వంపు చూస్తారు, నిజమే. కానీ దానికి ఎంతో బలం ఇచ్చేది సంతకం చుట్టూ ఉన్నది. ఒక చెక్కు తీసుకోండి. తేదీ ఉంటుంది, బ్యాంకు పేరు ఉంటుంది, ఎవరికి ఎంత ఇచ్చాడో ఉంటుంది, వెనక డబ్బు తీసుకున్నవాడి సంతకం ఉంటుంది, బ్యాంకు వేసిన ముద్ర, పొడిచిన చిల్లులు ఉంటాయి. దొంగ సంతకం చేసేవాడు వీటన్నిటినీ కలిపి పుట్టించాలి. చాలా కష్టం. ఉత్తరం అయితే కవరు, పోస్టు ముద్ర, లోపల మాటలు. టై కాబ్ ఆకుపచ్చ ఇంకుతో పేజీలకి పేజీలు ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరం మొత్తం చేతిలో ఉంటే, పోల్చడానికి వందల అక్షరాలు దొరుకుతాయి.

ఇప్పుడు అందులోంచి మూడంగుళాల ముక్క కత్తిరించి కార్డులో పెట్టామనుకోండి. తేదీ పోయింది, ముద్ర పోయింది, మాటలు పోయాయి. కాగితం వెనక వైపు అయితే జిగురు కింద శాశ్వతంగా దాక్కుంది. సాక్ష్యం చెప్పగలిగినవన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళి, కార్డు వెనక అచ్చు వేసిన ఒక గ్యారంటీ వాక్యం మిగులుతుంది. కానీ ధర? పెరుగుతుంది! విచిత్రం ఇదే. నమ్మకానికి ఆధారం తగ్గుతుంటే ధర పెరుగుతోందంటే, మనం డబ్బు కడుతున్నది సంతకానికి కాదు, అట్టకీ బ్రాండుకీ అన్నమాట.

కంపెనీ గ్యారంటీ ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. కానీ అది ఎలాంటి గ్యారంటీయో తెలుసుకోవాలి. బతికున్న ఆటగాడు కార్డు మీద సంతకం పెడితే, ఆ కార్డులు ఆయన దగ్గరికి పంపించి, పెట్టించుకుని, వెనక్కి తీసుకున్నది కంపెనీయే. అది చూసినవాడి సాక్ష్యం లాంటిది. కట్ విషయంలో రూత్ సంతకం పెడుతుంటే కంపెనీవాళ్ళు చూశారా? లేదు. వాళ్ళూ మనలాగే కొన్నారు. పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి సంస్థల నిపుణులకి చూపించి ఒప్పుకున్నారు. అది నిపుణుడి అభిప్రాయం. మంచి అభిప్రాయమే, విలువైనదే, కానీ అభిప్రాయమే.

ఈ జాగ్రత్త ఎందుకంటే, దొంగ సంతకాల్లో అన్నిటికంటే తేలికైనది కట్. దొంగ బంతి చెయ్యాలంటే ఆ కాలపు బంతి కావాలి. దొంగ కట్‌కి ఏం కావాలి? పాత పుస్తకాల దుకాణంలో 1930ల నాటి పుస్తకం ఒకటి కొంటే, ముందూ వెనకా ఖాళీ పేజీలు ఉంటాయి. కాగితం నిజంగా పాతదే! 1990ల చివర్లో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో ఒక పెద్ద ముఠాని పట్టుకుంది. కాలిఫోర్నియాలో శాన్ డియెగో చుట్టుపక్కల నడిచిన వ్యవహారం. జనం నష్టపోయింది 10 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. వాళ్ళు ఎంత బరితెగించారంటే, మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ బంతి కూడా దొరికింది. మన కోల్‌కతా మదర్ థెరిసా, బేస్‌బాల్ బంతి మీద! నవ్వొస్తుంది కానీ, అలాంటి సరుకు కూడా అమ్ముకోవచ్చు అనుకున్నారంటే కొనేవాళ్ళ మీద వాళ్ళకి ఉన్న నమ్మకం అది.

మనం ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇవి సంతకం నిజమని తేల్చవు, అబద్ధమైతే కొన్నిసార్లు పట్టిస్తాయి. మొదటిది ఇంకు. అమెరికాలో బాల్ పెన్ను అమ్మకానికి వచ్చింది 1945 చివర్లో. గెహ్రిగ్ అప్పటికే పోయి నాలుగేళ్ళు. కాబట్టి గెహ్రిగ్ సంతకం బాల్ పెన్నుతో ఉంటే ఇక చూడక్కర్లేదు. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. షార్పీతో రూత్, షార్పీతో కాబ్, రెండూ అసాధ్యం. రెండోది కాగితం. సుమారు 1950 తర్వాత కాగితం తెల్లగా మెరవడానికి కొన్ని రసాయనాలు కలపడం మామూలైంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. 1920ల సంతకం అని చెప్పి కాగితం వెలిగితే, వదిలెయ్యండి. వెలగకపోతే? ఇందాక చెప్పిన పాత పుస్తకం పేజీ గుర్తుందిగా, అదీ వెలగదు. మూడోది, గీత చూడండి. ఎవరి సంతకం వాళ్ళు గబగబా పెడతారు, గీత మొదట్లో, చివర్లో సన్నబడుతుంది. చూసి గీసేవాడు నెమ్మదిగా గీస్తాడు, వంపుల దగ్గర వణుకు, మధ్యలో పెన్ను ఆగిన చుక్కలు కనపడతాయి. భూతద్దం చాలు.

ఇంకో రకం ఉంది, పేరు కస్టమ్ కట్. ఎవరో ఒకాయన ఇంట్లో అందంగా కార్డు డిజైన్ చేసి, ప్రింట్ చేసి, ఒక కట్‌ని దాంట్లో పెట్టి, ఆటోగ్రాఫ్ సంస్థకి పంపి ప్లాస్టిక్ స్లాబ్‌లో వేయించుకుంటాడు. తప్పేమీ లేదు, కొన్ని చాలా అందంగా ఉంటాయి కూడా. కానీ అది ప్యాకెట్లోంచి వచ్చిన కార్డు కాదు, టాప్స్ కార్డు ధర దానికి ఇవ్వకూడదు. స్లాబ్ మీద లేబుల్ చదవండి. తయారీదారు పేరు, సంవత్సరం, సెట్ పేరు ఉన్నాయా, లేక ఉత్త 'కట్ సిగ్నేచర్' అనే ఉందా?

సరే, ఇన్ని చెప్పాక, కట్ ఆటో అసలు కొనకూడదా? నేనలా అనట్లేదు. నచ్చినది కొనుక్కోండి, కానీ లెక్క తెలిసి కొనుక్కోండి. లెక్క చాలా సులువు. అదే ఆటగాడి సంతకం, కార్డు లేకుండా, ఆటోగ్రాఫ్ పేజీ మీదో చెక్కు మీదో, అదే స్థాయి నిపుణులు ఒప్పుకున్నది, ఈమధ్య ఎంతకి అమ్ముడైందో చూడండి. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర. అది 100 అనుకోండి, కార్డు 160 అంటున్నాడనుకోండి. ఆ 60 అట్టకి, బ్రాండుకి, నంబరుకి. ఆ సెట్ అంటే మీకు ఇష్టమైతే, ఆ డిజైన్ మీ అరలో ఉండాలనిపిస్తే, 60 ఇవ్వండి, మీ ఇష్టం. పెట్టుబడి అనుకుని మాత్రం ఇవ్వకండి. ఎందుకంటే ఆ 100 పెద్దగా ఊగదు, ఊగేది ఆ 60. 2020, 2021లో కార్డుల ధరలు ఆకాశానికి వెళ్ళాయి, 2022లో దిగాయి. కోవిడ్ టైములో ఇంట్లో కూర్చుని కొన్నవాళ్ళలో మనవాళ్ళూ చాలామంది ఉన్నారు, ఆ సంగతి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ తండ్రీకొడుకులకి నా జవాబు ఆ పేజీయే. దాని వెనక తిప్పి చూడొచ్చు, ఏ ఊళ్ళో ఏ సంవత్సరం ఎవరు తీసుకున్నారో కొన్నిసార్లు రాసి ఉంటుంది. 1920ల సంతకం అయితే బేబ్ అనే పేరుకి కొటేషన్ గుర్తులు పెట్టేవాడు, అది వాళ్ళబ్బాయికి చూపించొచ్చు. పేరున్న సంస్థ సర్టిఫికెట్ లేకపోతే మాత్రం అదీ వద్దు. సర్టిఫికెట్ నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్లో కొట్టి, ఫోటోతో పోల్చుకుని అప్పుడు డబ్బు ఇవ్వండి.

కట్ కార్డే కావాలి అనుకుంటే, కార్డుల్లోనూ మంచీ చెడూ ఉన్నాయి. కిటికీ ఇరుకుగా ఉండి సంతకం చివర తోక తెగిపోయిందా చూడండి. మొదటి అక్షరం సగం కార్డు అంచు కింద దాక్కుంటే అందం పోయినట్టే, ధరా తగ్గాలి. ఇంకు వెలిసిపోయి ఉంటే అది ఇంకా వెలుస్తుంది, ఎండ తగిలే గోడకి పెట్టకండి. చెక్కులోంచి తీసిన కట్‌లో బ్యాంకు పేరో, సంతకం కింద అచ్చు గీతో, ముద్ర చివరో కనిపిస్తుంటే అది మేలు. ఆ కాగితం ఎక్కడిదో కొంతైనా చెప్తుంది. ఉత్త తెల్ల కాగితం మీద నడి మధ్యలో ఒక్క సంతకం, చుట్టూ ఏమీ లేదు అంటే, నేనైతే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. కత్తిరించిందంతా కంపెనీలే కాదు. ఆ కాలంలో పిల్లలే ఉత్తరంలోంచి సంతకం కత్తిరించి స్క్రాప్‌బుక్కులో అంటించుకునేవాళ్ళు, ఉత్తరం పారేసేవాళ్ళు. అలా ఎప్పుడో తెగిపోయిన ముక్కని కార్డులో పెడితే కొత్తగా పోయేదేమీ లేదు, పైగా భద్రంగా ఉంటుంది. నా అభ్యంతరం మొత్తంగా ఉన్నవాటిని ఇప్పుడు కత్తిరించడం మీద. 2003లో డాన్‌రస్ కంపెనీ రూత్ వేసుకున్న ఒక జెర్సీని 2 లక్షల 64 వేల డాలర్లకి కొని, కార్డుల్లో పెట్టడానికి ముక్కలు చేస్తే ఎంత గొడవ జరిగిందో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జెర్సీ పెద్దది కాబట్టి జనం కళ్ళలో పడింది. ఉత్తరాలు చిన్నవి, వాటి గురించి అడిగేవాళ్ళు లేరు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకోకండి. మన క్రికెట్‌కి వద్దాం. 1932లో, 1936లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడి అభిమానులకి ఆటోగ్రాఫ్ పుస్తకాల అలవాటు బాగా ఉండేది, జట్టు మొత్తం చేత ఒకే పేజీ మీద సంతకాలు పెట్టించుకునేవాళ్ళు. 1936 జట్టు పేజీ ఒకటి ఊహించుకోండి. పైన కెప్టెన్ విజ్జీ, మన విజయనగరం మహారాజకుమార్. కింద సి.కె. నాయుడు, భారత జట్టు మొదటి టెస్టు కెప్టెన్. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు. మద్రాసు నుంచి కోటా రామస్వామి, బుచ్చిబాబు నాయుడు గారి అబ్బాయి, టెన్నిస్‌లో డేవిస్ కప్ కూడా ఆడినాయన. ఇంకా విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, అమర్ సింగ్, నిస్సార్. ఒక్క పేజీలో ఇంతమంది.

దీన్ని కార్డులుగా చెయ్యాలంటే ఏం చేస్తారు? సి.కె. సంతకం చుట్టూ గీత గీసి కోస్తారు. కోసిన గీత పక్కవాళ్ళ పేర్ల మీదుగా పోతుంది. పేజీ వెనక వైపు కూడా సంతకాలుంటే అవీ తెగుతాయి. పేరున్న ముగ్గురు నలుగురు కార్డుల్లోకి వెళ్తారు, రామస్వామి గారి సంతకం ఎవరికీ అక్కర్లేని ముక్కగా మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వీళ్ళంతా ఒక రోజు ఒక చోట కూర్చుని ఒకే పుస్తకంలో పెట్టారు అనే రుజువు పోతుంది. ఒకరి సంతకానికి పక్కవాడి సంతకమే సాక్ష్యం ఆ పేజీలో.

మీలో ఎవరింట్లోనైనా, తాతగారి ట్రంకుపెట్టెలో, అలాంటి పాత ఆటోగ్రాఫ్ పుస్తకం ఉంటే కత్తెర దగ్గరికి పోనివ్వకండి. ఒక్క పేజీ చింపి ఇమ్మన్నా ఇవ్వకండి. సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు, అది పడ్డాక ఇక ఎవరూ పరీక్ష చెయ్యలేరు. రెండువైపులా స్కాన్ చేయించండి. పుస్తకం ఎవరిది, వాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళు, ఎలా దొరికింది అన్నది పెద్దవాళ్ళని అడిగి వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి, పుస్తకంలో రాయకండి. ఎవరైనా కొంటామని వస్తే ఒక్క సంతకానికి కాదు, మొత్తం పుస్తకానికి ధర అడగండి, ఇద్దరు ముగ్గురిని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో స్లాబ్ లేబుల్ మీద ఏ మాటకి ఏమిటి అర్థం అన్నది కార్డులు చేత్తో పట్టుకుని చూపిస్తాను. ఉంటానండి, నమస్కారం.